ఫోటో తీసేవాళ్లు, ఫోటో దిగేవాళ్లు

ఫోటో గురించి మాట్లాడేటప్పుడు తెలుగులో రెండు క్రియలు వాడతాం. కెమెరా పట్టుకున్నవాళ్లు ఫోటో తీస్తారు. ఎదురుగా నిలబడ్డవాళ్లు ఫోటో దిగుతారు. తీయడం అంటే ఏమిటో సులువుగానే తెలుస్తుంది. నేల తవ్వి గడ్డలు తీసినట్టు, బావిలోంచి నీళ్లు తోడి తీసినట్టు, ఎదుట ఉన్నదాంట్లోంచి ఏదో ఒకటి మనం తీసుకుంటున్నాం. దిగడం అనే మాటే మనల్ని ఆపి ఆలోచింపజేస్తుంది. వానాకాలం వాగులోకి దిగుతాం. లోతెంతో తెలియని చోట, అవతలి ఒడ్డున నిలబడ్డవాణ్ణి నమ్మి దిగుతాం. ఫోటో దిగే మనిషి కూడా అంతే. తన ముఖాన్ని, నిలబడే తీరును, ఒంటిమీది బట్టను, వెనకున్న ఇంటిగోడను కాసేపు ఇంకొకరి చేతికి అప్పజెబుతుంది.

ఆ కాసేపట్లో కెమెరా పట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడు? చాలాసార్లు ఆమెను చూడడం లేదు, కెమెరానే చూస్తున్నాడు. "ఒక్క నిమిషం అవ్వా", "కదలకు", "ఇంకోసారి" అంటూ ఏదో నొక్కుతున్నాడు, ఏదో తిప్పుతున్నాడు. మొదట్లో ఆ అవ్వ ముఖంమీద వచ్చిన నవ్వు నిజమైనది. రెండో "ఒక్క నిమిషం" దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు పోతుంది. మూడోసారికి ఆధార్ సెంటర్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఫోటో పడుతుంది. మన పెద్దవాళ్ల ఫోటోల్లో సగానికి సగం ఇలా, మనిషి లోపలినుంచి వెళ్లిపోయాక పడ్డవే.

అందుకే మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. కెమెరా బాగా నేర్చుకోవడం పనితనానికి సంబంధించిన సంగతా, మర్యాదకు సంబంధించిన సంగతా? పనితనం అనుకుంటే ఇష్టమున్నవాడు నేర్చుకుంటాడు, లేనివాడు మానేస్తాడు, ఎవరికీ నష్టం లేదు. మనం మాత్రం ఇది మర్యాద సంగతి అనే అనుకుంటున్నాం. ఎదుటి మనిషి దిగుతానని ఒప్పుకున్నాక, ఆ మనిషికి మన పూర్తి చూపు బాకీ పడతాం. కెమెరా రానివాడు ఆ బాకీ తీర్చలేడు. మనసు నిండా ప్రేమ ఉన్నా తీర్చలేడు. అతని కళ్లు వేరే పనిలో ఉన్నాయి కాబట్టి.

పని వచ్చినవాళ్ల చేతులు మనకు కొత్త కాదు. గోదావరి ఏజెన్సీలో జీలుగుచెట్టు ఎక్కే కొండరెడ్డిని చూడండి. కణుపులు వదిలేసి చెక్కిన వెదురుమీద ఎక్కి, గెల చివర పల్చగా ఒక పొర కోస్తాడు. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, మరీ పలచగా కోస్తే కల్లు సరిగా దిగదు. ఆ కొలత అతని కంటిలో లేదు, మణికట్టులో ఉంది. కోస్తూనే కింద ఉన్నవాళ్లతో మాట్లాడతాడు, దూరాన వాన వస్తోందో లేదో చూస్తాడు. గోండుల దగ్గరకు వచ్చే పర్ధాన్ కిక్రి తీగలు సవరించుకునేది కథ ఎత్తుకోకముందే. పెర్సపేన్ కథ మొదలయ్యాక అతని కళ్లు తీగలమీద ఉండవు, వినేవాళ్లమీద ఉంటాయి. ఎవరికి కునుకు వస్తోంది, ఏ ముసలాయన తలాడిస్తున్నాడు, ఎక్కడ గొంతు పెంచాలి, అన్నీ చూసుకుంటాడు. వేళ్లకు తీగ తెలిసి ఉండడంవల్లే కళ్లకు ఆ తీరిక దొరికింది.

నల్లమలలో తేనె తీసే చెంచుల పని మనకు ఇంకా దగ్గరి పోలిక. కొండ అంచునుంచి తాడుమీద ముందు తాను దిగుతాడు, తర్వాత తేనె తీస్తాడు. రెండు క్రియలూ ఆ ఒక్క మనిషివే. పైన తాడు దగ్గర కాపుండేది ఎక్కువగా బావమరిది. చెల్లెలి మొగుణ్ణి ఎవరూ వదిలేయరని ఆ నమ్మకం. తాడు గట్టిదా కాదా అనేది పట్టు దగ్గర వేలాడుతూ పరీక్షించుకునే విషయం కాదు. ఆ పని ఇంటి దగ్గరే అయిపోవాలి. మన బ్యాటరీ, మన కార్డు, మన లెన్సుమీది దుమ్ము కూడా అంతే.

ఇక్కడ ఏకలవ్యుడి మాట ఒకటి చెప్పుకుని ముందుకు వెళ్దాం. మన పిల్లలు చదివే బడులకు ఆయన పేరు పెట్టారు గాని, ఆ కథలోని ఒక చిన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. ద్రోణుడు ఏకలవ్యుడి విల్లు అడగలేదు, అమ్ములపొది అడగలేదు. బొటనవేలు అడిగాడు. విద్య పరికరంలో ఉండదని, చేతిలో ఉంటుందని ఆ గురువుకు బాగా తెలుసు. పెద్ద లెన్సు కొనలేకపోయామని దిగులుపడే మన తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఒకరు అడగవచ్చు. కెమెరా మీద చూపు పోకూడదంటే తేలిక దారి ఉంది కదా, ఆటోలో పెట్టేస్తే సరి, అన్నీ అదే చూసుకుంటుంది, మనం మనిషిని చూసుకోవచ్చు. ఇది తెలివైన ప్రశ్నే. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా ఈ ప్రశ్నే.

ఆటో అనే మాటను మన ఏజెన్సీ రోడ్లమీది షేర్ ఆటోతో పోల్చుకుంటే విషయం తేలిపోతుంది. షేర్ ఆటో మనల్ని మన గూడెం దాకా తీసుకెళ్లదు, తాను తిరిగే రూటులో ఎక్కడో దింపుతుంది. కెమెరాలో ఆటో కూడా తన రూటులోనే పోతుంది. ఆ రూటు ఎవరు వేశారు?

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ ఉంటుంది. దానికి గోండు తెలియదు, కోయ తెలియదు, సవర తెలియదు. ఎదురుగా ఉన్న వెలుగూ చీకటీ అన్నీ కలిపి సగటు తీస్తే ఒక మధ్యరకం బూడిదరంగు రావాలని మాత్రమే దానికి నేర్పారు. తనమీద పడ్డ వెలుగులో 18 శాతాన్ని తిరిగి పంపే రంగు అది. ఫోటో పుస్తకాలన్నీ దీన్ని 18 శాతం బూడిదరంగు అనే చెబుతాయి. దృశ్యం ఏదైనా సరే, మీటర్ దాన్ని ఆ బూడిదవైపు లాగుతుంది. తెల్లగా ఉన్నదాన్ని కిందికి లాగుతుంది, నల్లగా ఉన్నదాన్ని పైకి లాగుతుంది.

దీనివల్ల మనకేం జరుగుతుందో చూడండి. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం పెద్దలు తెల్ల ధోవతులు, తెల్ల తలపాగాలతో వరుసగా నడుస్తారు. పట్టపగటి ఎండలో ఆ తెలుపంతా కెమెరాలో నిండుతుంది. ఇంత తెలుపు ఉండకూడదే అని మీటర్ మొత్తాన్ని చీకటి చేస్తుంది. బట్టలు బూడిదరంగుకు తిరుగుతాయి, తలపాగా కింద ఉన్న ముఖాలు మసిగుడ్డల్లా కనిపిస్తాయి. కళ్లు కనబడవు. ఆ ఫోటో చూసినవాడికి ఒక గుంపు కనిపిస్తుంది గాని ఒక్క మనిషి కనిపించడు. దీపావళి రోజుల్లో దండారి రాత్రి దీనికి తిరగబడుతుంది. వెనకంతా చీకటి, మధ్యలో నెమలీకల టోపీ, ఒళ్లంతా బూడిద పూసుకున్న గుస్సాడీ. ఇంత నలుపేమిటని మీటర్ వెలుగు పెంచేస్తుంది. ఆ బూడిద గీతలు తెల్లగా కాలిపోయి సున్నం పూసినట్టు వస్తాయి. చీకటి కూడా చీకటిలా ఉండదు, పాచిపట్టిన నీళ్లలా ఉంటుంది. మార్లవాయి కనకరాజు గారి నాట్యాన్ని, 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక, ఎన్ని కెమెరాలు తీశాయో లెక్కలేదు. ఆ ఫోటోల్లో ఆయన ఒంటిమీది బూడిద బూడిదలా కనిపించేవి ఎన్నున్నాయో వెతికి చూడండి.

రెండు చోట్లా మందు ఒక్కటే, రెండు చిటికెల పని. తెలుపు నిండినప్పుడు వెలుగు ఒక మెట్టు పెంచాలి, నలుపు నిండినప్పుడు ఒక మెట్టు తగ్గించాలి. మీటర్ చెప్పేదానికి ఎదురు చెప్పడం అన్నమాట. ఎందుకు ఎదురు చెబుతున్నామో తెలిసినవాడికి అది అర సెకను పని. తెలియనివాడికి మూడు "ఒక్క నిమిషం"లు.

ఇది వెలుగు సంగతి. చర్మం రంగు సంగతి ఇంకా పాతది. కలర్ ఫిల్ము రోజుల్లో అమెరికా కొడాక్ కంపెనీ, ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక కార్డు పంపేది. దానిమీద తెల్లజాతి స్త్రీ ఫోటో ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు పడింది. ఆ స్త్రీ చర్మం సరిగ్గా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టే. మిగతా ప్రపంచం ఎలా వచ్చినా ఆ లెక్కలోకి రాలేదు. మన తాతల పెళ్లి ఫోటోల్లో ముఖాలు అంత నల్లగా ఎందుకున్నాయంటే, "మనమే నల్లోళ్లం కదా" అని నవ్వుకుని ఊరుకున్నాం. తప్పు మన ముఖాల్లో లేదు. 2021లో గూగుల్ కంపెనీ పిక్సెల్ 6 ఫోనుతోపాటు నల్లని, గోధుమరంగు చర్మాలను ఉన్నదున్నట్టు చూపించే ఏర్పాటు చేశామని చెప్పుకుంది. దానికి రియల్ టోన్ అని పేరు పెట్టింది. అంత ఆలస్యంగా దాన్ని గొప్పగా చెప్పుకోవలసి వచ్చిందంటే, అంతకుముందు దాకా ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

మన చేతుల్లోని చవక ఫోన్లలో ఇంకో చిక్కుంది. బ్యూటీ అనో, స్మూత్ అనో ఒక సదుపాయం ముందే ఆన్ అయి ఉంటుంది. చర్మంమీది మచ్చలను, ముడతలను, సన్నని గీతలను చెరిపేసి, రంగు కాస్త తెల్లబరచడం దాని పని. మన అవ్వల నుదుటిమీద, చెంపలమీద, గడ్డంమీద పచ్చబొట్లు ఉన్నాయి. వయసుతోపాటు అవి పలచబడి, మసకబారి ఉంటాయి. ఆ ఫోను దృష్టిలో అవి మచ్చలే. చిన్నప్పుడు నొప్పి ఓర్చుకుని పొడిపించుకున్నవి, చచ్చిపోయాక కూడా వెంట వచ్చేవి ఇవేనని ఆ అవ్వలు చెబుతారు. వాటిని ఒక బొత్తాం అడక్కుండానే పలచన చేస్తుంది. మనవడు ఆ ఫోటో చూసి "అవ్వ ఎంత బాగుందో" అంటాడు. ఆ తరం అవ్వలు ఇంకెన్నాళ్లో ఉండరు. తర్వాత ఆ ఫోటోనే సాక్ష్యమవుతుంది. ఆ సాక్ష్యం అబద్ధం చెబుతుంది, దాంతో ఆ అబద్ధం చెప్పించింది మనమే అవుతాం.

కాబట్టి ఆటోలో పెట్టడమంటే కెమెరాను మరిచిపోవడం అని మనం ఒప్పుకోం. అది మన ముఖాలూ మన వెలుగూ ఎరగనివాళ్లకు నిర్ణయాన్ని వదిలేయడం. మరిచిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి. ఈత మరిచిపోయి ఈదుతాం. ఈత రానివాడు మరిచిపోయేది ఏముంది?

మరి ఎలా నేర్చుకోవాలి? మనుషులమీద నేర్చుకోకూడదన్నది మొదటి మాట. ఎదురుచూడ్డానికి అభ్యంతరం చెప్పనివి మన ఇంటిచుట్టూ బోలెడున్నాయి. వాకిట్లో నీళ్లకుండ, మట్టిగోడ, ఇప్పచెట్టు, తడక. ఒకే కుండను పొద్దున, మిట్టమధ్యాహ్నం, పొద్దుగూకే వేళ నెలరోజులు తీయాలి. విసుగొస్తుంది. విసుగొచ్చాకే చేతికి ఎక్కడం మొదలవుతుంది. ఈ కాలం ఫోటోల పాఠాలు చెప్పేవాళ్లు ఈ విసుగు సంగతి దాచిపెడతారు.

కెమెరాలో నిజంగా తెలుసుకోవలసినవి మూడే. లెన్సులోని రంధ్రం ఎంత తెరుచుకోవాలి, అది మన కంటిపాప లాంటిది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి. ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలి. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించాలి. ఫిల్ము డబ్బాలమీద ఒకప్పుడు చిన్న పట్టీ అచ్చువేసేవాళ్లు. నిండు ఎండలో రంధ్రం 16 దగ్గర పెట్టి, ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో వందో వంతుకు దగ్గరగా, అంటే 1/125 పెట్టుకోమని. దట్టంగా మబ్బు పడితే 16 బదులు 5.6, ఆరుబయటి నీడలో 4. మీటర్ లేని రోజుల్లో ఈ లెక్కతోనే లోకమంతా ఫోటోలు తీసింది. మనకు ఇప్పటికీ ఇది పనికొస్తుంది. బయటికి రాగానే మీటర్ చూడకముందే "ఈ వెలుగుకు ఎంత?" అని లోలోపల అనుకుని, తర్వాత మీటర్‌తో సరిచూసుకోండి. మబ్బును చూసి వాన చెప్పే జాతికి ఇదేమంత కష్టం కాదు. ఆరు నెలల్లో మీ అంచనాకూ మీటర్‌కూ తేడా వచ్చిన చోట, ఎవరు తప్పో మీకే తెలుస్తుంది.

కెమెరా చేతికి తెలిసిందో లేదో తేల్చుకోవడానికి మనం ఒక పరీక్ష పెట్టుకున్నాం. రాత్రి దీపం ఆర్పి, కళ్లు మూసుకుని, రంధ్రం మూడు మెట్లు తెరిచి, షట్టర్ రెండు మెట్లు తగ్గించి, తర్వాత దీపం వెలిగించి చూడడం. చక్రం ఎటు తిప్పితే వెలుగు పెరుగుతుందో వేలికి తెలియాలి. అరువు తెచ్చుకున్న కెమెరా అయితే ముందురోజే తెచ్చుకోవాలి. కంపెనీని బట్టి లెన్సు తిరిగే వైపు కూడా మారిపోతుంది. లెన్సులు మార్చడం కన్నా ఒకే లెన్సుతో ఏడాది ఉండడం మేలు. ఎంత దూరంలో నిలబడితే మనిషి ఎంత పడతాడో కాళ్లకు తెలిసిపోతుంది. కెమెరా కంటికి ఎత్తకముందే మనం నిలబడాల్సిన చోట నిలబడి ఉంటాం.

ఫోను ఒక్కటే ఉన్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. లెన్సును పైపంచె అంచుతో తుడవండి, జేబులోని చెమటా నూనే ఫోటోలను పొగలో ముంచుతాయి. బ్యూటీ తీసేయండి. ముఖంమీద వేలు పెడితే ఫోకస్ అక్కడ పడుతుంది, పక్కన సూర్యుడి గుర్తు వస్తే దాన్ని కిందికి పైకి జరిపి వెలుగు తగ్గించవచ్చు, పెంచవచ్చు. చాలా ఫోన్లలో వేలిని కాసేపు నొక్కిపెడితే అది అక్కడే నిలిచిపోతుంది. ఇక మీరు ఫోనుకేసి చూడనక్కర్లేదు. అవ్వకేసి చూసి మాట్లాడుతూ నొక్కవచ్చు.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే సార్లకు, మేడమ్‌లకు ఒక మాట. కెమెరా లేకపోయినా ఇదంతా నేర్పవచ్చు. తరగతి గది తలుపులు, కిటికీలు అట్టలతో మూసి, ఒక అట్టకు పెన్సిలు పట్టేంత రంధ్రం చేయండి. బయట ఎండ బాగా ఉంటే ఎదురుగోడమీద బడి ఆవరణ తలకిందులుగా కనిపిస్తుంది. చెట్లు కిందికి వేలాడతాయి, పిల్లలు గోడమీద తలకిందులుగా పరిగెడతారు. గదిలో ఉన్న పిల్లలు మొదట అరుస్తారు, తర్వాత నిశ్శబ్దమైపోతారు. కెమెరా అంటే ఇంతే, ఒక చీకటి గది, ఒక రంధ్రం. దాన్ని లోపలినుంచి చూసిన పిల్లకు పెద్దయ్యాక కెమెరా అంటే బెదురుండదు.

ఇంతవరకు చెప్పిందంతా చేతికి సంబంధించింది. దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకుని పోకూడదు. పని బాగా వచ్చినవాళ్లే మనల్ని ఎక్కువ అవమానించారు కదా?

నిజమే. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషు ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వేసింది. ఆ రోజుల్లో ఫోటో అంటే గాజుపలకకు మందు పూసి, అది తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. మన ఎండల్లో ఆ పని చేసినవాళ్ల చేతివాటం సామాన్యమైంది కాదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగలమీద 7 సంపుటాలు తెచ్చాడు. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి, మనుషుల ముక్కులూ తలలూ కొలిచే పనిలో పేరుమోసినవాడు. ఈ పుస్తకాల్లో బొమ్మలు మెరుగ్గానే ఉన్నాయి. ఫోకస్ తప్పలేదు, వెలుగు తప్పలేదు. చాలా బొమ్మల కింద తెగ పేరుంది గాని మనిషి పేరు లేదు. కెమెరా వాళ్ల చూపును అడ్డగించలేదు. ఆ చూపే మనిషి దాకా వెళ్లలేదు.

ఆ బొమ్మల పక్కన హైమెండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య తీసిన ఫోటోలు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆయన కూడా బయటివాడే, శాస్త్రం కోసమే వచ్చాడు. కాని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. ఆ ఫోటోల్లో మనవాళ్లు పనిలో ఉన్నారు, కొందరు నవ్వుతున్నారు, కొందరు ఆయన్ను అసలు పట్టించుకోవడం లేదు. ఇంట్లో రోజూ తిరిగే మనిషిని పట్టించుకోనట్టు. మన ముత్తాతలను మనం ఇవాళ చూడగలుగుతున్నది ఆ ఫోటోలవల్లే. అవి లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం భద్రపరిచిన సేకరణలో ఉన్నాయన్నది వేరే బాధ.

అంటే పనితనం ఒక్కటే చాలదు. అయితే అది అక్కర్లేదనీ కాదు. పనితనం కళ్లను ఖాళీ చేస్తుంది, అంతే. ఖాళీ అయిన కళ్లను ఎక్కడ పెట్టాలన్నది వేరే చదువు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చెయ్యి చురుకైనకొద్దీ దొంగతనం తేలికవుతుంది. హెన్రీ కార్టియే-బ్రెసన్ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ తన చిన్న లైకా కెమెరామీది మెరిసే లోహం కనబడకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. ఎక్కువగా ఒకే 50 మిల్లీమీటర్ల లెన్సు వాడేవాడు, ఫ్లాష్ అంటే అతనికి గిట్టేది కాదు. 1948 జనవరిలో గాంధీజీని చివరి రోజుల్లో తీసినవాడు, ఆ తర్వాత అంతిమయాత్రను తీసినవాడు అతనే. జనంలో కలిసిపోయి ఎవరికీ తెలియకుండా తీయడం అతని విద్య. కెమెరా నేర్చుకునేవాళ్లందరికీ అతణ్ణి ఆదర్శంగా చూపిస్తారు. చేతి విద్య విషయంలో మనమూ అతని శిష్యులమే. ఎవరికీ తెలియకుండా అన్న చోట మాత్రం ఆగుతాం. పట్నం వీధిలో ఎవరికి ఎవరూ తెలియదు. నలభై ఇళ్ల గూడెంలో కెమెరా పట్టుకున్న కుర్రాడు ఎవరి మనవడో అందరికీ తెలుసు. అక్కడ కనబడకుండా ఉండాలనుకోవడమే అనుమానానికి చోటిస్తుంది. కెమెరా కనబడకుండా పోవాలి గాని, దాని వెనకున్న మనిషి కనబడుతూనే ఉండాలి. వద్దంటే వినబడేంత దగ్గరలో ఉండాలి.

నాగోబా మహాపూజ జరిగేది పుష్య అమావాస్య రాత్రి. చంద్రుడుండడు. అంతకుముందు మెస్రం వాళ్లు కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి, ఝరిలో గోదావరి నీళ్లు తెస్తారు. మర్రిచెట్ల కింద బస చేస్తారు. పూజ తర్వాత భేటింగ్ ఉంటుంది, వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ఘట్టం. తెల్లచీర ముసుగులో ఆ పిల్లలు వంగి నడుస్తారు. ఆ చీకట్లో పని రానివాడికి ఫ్లాష్ తప్ప దారి లేదు. ఒక్క ఫ్లాష్ పడితే ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది, పెద్దల చూపు దేవుడి దగ్గర్నుంచి కెమెరా దగ్గరకు వస్తుంది. ఇక ఆ రాత్రికి అది పూజ కాదు, షూటింగ్. పని వచ్చినవాడు ఐఎస్ఓ 3200 దాకా తీసుకెళ్లి, రంధ్రం పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టి ముప్పయ్యో వంతు సెకనులో దీపం వెలుగుతోనే తీయగలడు. కొంచెం రేణువులు రేణువులుగా వస్తుంది, రానివ్వండి. చీకటి అలాగే ఉంటుంది మరి.

అయితే ఆ ఫోటో తీయవచ్చా? అది కెమెరాను అడిగే ప్రశ్న కాదు, మెస్రం పెద్దలను అడగాల్సింది. ఫ్లాష్‌తో, లెన్సుతో కుస్తీపడేవాడికి ఆ అడిగే తీరికే ఉండదు. బ్యాగు సర్దుకుంటూ, బ్యాటరీ వెతుక్కుంటూ పూజ మొదలయ్యాక లోపలికి వస్తాడు. అన్నీ సిద్ధంగా ఉన్నవాడు సాయంత్రమే వెళ్లి పెద్దల పక్కన కూర్చుంటాడు, అడుగుతాడు, వద్దంటే కెమెరా సంచిలో పెట్టి దండం పెట్టుకుంటాడు. తీయగలిగి కూడా మానుకున్నవాడిదే మానుకోవడం. చేతకానివాడి నిగ్రహాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

ఉపాధిహామీ పనుల దగ్గర ఇప్పుడు రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో పెడుతున్నారు. హాజరుకు అది లెక్క. తట్టలు కింద పెట్టి, కొంగు సర్దుకుని, మనవాళ్లు రోజూ ఫోటో దిగుతున్నారు. వాళ్ల జీవితంలో ఇన్ని ఫోటోలు ఎప్పుడూ పడలేదు. వాటిలో ఒక్కటి కూడా వాళ్లు ఇంటికి తెచ్చుకుని గోడకు పెట్టుకునేది కాదు. మన పిల్లల చేతిలో కెమెరా ఉండాలని మనం పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం.

మనలో ఇంకా తెగని తగువు ఒకటుంది. చావు ఇంట్లో ఫోటో తీయవచ్చా అని. దూరంలో చదువుకునే కొడుకు సమయానికి రాలేకపోతాడు, తల్లి చివరి చూపు అతనికి దక్కాలంటే ఎవరో ఒకరు తీయాలి కదా అని కొందరంటారు. ఏడుపుకు దగ్గరగా కెమెరా తీసుకెళ్లేవాడికి ఎంత పని వస్తే ఏం లాభమని మిగతావాళ్లంటారు. ప్రస్తుతానికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ ఇంటివాళ్లు అడిగితేనే తీయాలి, షట్టర్ చప్పుడు ఆపేయాలి, ఒకటో రెండో తీసి లోపల పెట్టేయాలి, దినాలకు ముందే ప్రింటు వేయించి వాళ్ల చేతికివ్వాలి, ఫోనులోది తుడిచేయాలి. చివరి మాటమీద ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. ఎర్రచీమలు, వానలు, కారే కప్పుల మధ్య ఒక్క ప్రింటు ఎన్నాళ్లుంటుందని వాళ్లడుగుతున్నారు.